పంటికో బొట్టు

ఆ శుక్రవారం పొద్దున సదయ్య పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. స్నానం చేయాలి, సూర్యుడికి చెంబెడు నీళ్లు వదలాలి, వాకిట్లో కూర్చుని రంపం గొలుసుకు పదును పెట్టాలి, ఇంత తిని గొలుసును సంచిలో వేసుకుని టింబర్ యార్డుకు పోవాలి. వీటిలో ఏ పనికీ దవాఖాన బండి అవసరం లేదు.

గోదావరిఖని క్వార్టర్లలో సూర్యుడికి నీళ్లు వదిలేవాళ్లు ఇంకా కొందరున్నారు గానీ, సదయ్యకున్నంత పట్టింపు ఎవరికీ లేదు. దానికో కారణం ఉంది. అతడు చాలా ఏళ్లు బొగ్గు బాయిలో పనిచేశాడు. మొదటి షిఫ్టు పడితే తెల్లవారకముందే బయలుదేరాలి. సూర్యుడు ఇంకా రాలేదాయె, షిఫ్టు సైరను ఆగదాయె. అందుకని చీకటి ఆకాశానికే నీళ్లు వదిలి, "నువ్వు వచ్చినంక తీస్కో సామీ" అని చెప్పి పోయేవాడు. బాయి దిగాక మాత్రం ఒక సందేహం వేధించేది. సూర్యుడు నిజంగా తీసుకున్నాడా, లేక ముందే వదిలిన నీళ్లు లెక్కలోకి రావా?

చేతిలో ఆకురాయి నేర్పు ఉన్నందువల్ల అతణ్ణి చివరికి పైకి తెచ్చి టింబర్ యార్డులో వేశారు. బాయిలో కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు కోసే చోటు అది. గొడ్డళ్లకూ రంపాలకూ పదును పెట్టడం అతని పని. వెచ్చటి ఎండ వీపున తగులుతుంటే, ఆ వెలుగులో పంటి మొన మెరుపు చూసుకుంటూ ఆకురాయి నడపడం కంటే గొప్ప ఉద్యోగం భూమ్మీద ఉంటుందని సదయ్య అనుకోలేదు. భూమి లోపల లేదని మాత్రం అతనికి రూఢిగా తెలుసు.

అంతలో యార్డుకు కొత్తగా మోటారు రంపం వచ్చింది. దుంగలకు దుంగలు కోసే గొలుసు దానికి. బయట మిషన్ మీద పదును పెట్టించి తెచ్చిన ఆ గొలుసు, మొదటి రోజునే పోచమ్మ ముందు నిలబెట్టిన మేకపోతులా ఎగిరి, దాన్ని పట్టుకున్న కోతపనివాడు వజీర్‌ను చెక్కపొట్టులో కూర్చోబెట్టింది. ఆనాటి నుంచి దాన్ని ముట్టుకోవడానికి ఎవడూ ముందుకు రావడం లేదు. ఈ రోజు కంపెనీ పెద్ద సారు వచ్చి చూస్తాడు. చేత్తో పెట్టిన పదును బాగుంటే ఆ పని సదయ్యదే. బాగాలేకపోతే గొలుసులు మళ్లీ బయటికి పోతాయి, సదయ్య మళ్లీ బాయికి పోతాడు.

"సదయ్యా, నీ నౌకరి, నా ఇజ్జత్ రెండూ ఆ గొలుసు మీదనే ఉన్నయ్" అని యార్డు ఇన్‌చార్జి లింగమూర్తి ముందు రోజే చెప్పాడు. "యార్డుల కూసుంటే పదిమంది పది సలహాలిస్తరు. ఇంటికి తీస్కపోయి నిమ్మళంగ చెయ్యి. ఇంట్ల ఎవరు గడబిడ చేస్తరు?"

సదయ్య వాకిట్లో రెండు దిమ్మెల మధ్య రంపం పట్టీని బిగించి, దానికి గొలుసు తొడిగి కూర్చున్నాడు. గుండ్రటి ఆకురాయి ఒకటి, ఏటవాలు తప్పకుండా గీతలున్న రేకు గైడు ఒకటి, చదును ఆకురాయి ఒకటి పక్కన పెట్టుకున్నాడు. ఈ గొలుసుకు ఒక పన్ను ఎడమకు చూస్తే మరొకటి కుడికి చూస్తుంది. ముందు ఒక వైపు పళ్లన్నీ రుద్దుకుంటూ పోవాలి, తర్వాత రెండో వైపువి. ప్రతి పంటికీ ముందు చిన్న గూను లాంటిది ఉంటుంది. పన్ను కర్రలోకి ఎంత దిగాలో చెప్పేది ఆ గూనే. పన్ను అరిగేకొద్దీ చదును ఆకురాయితో గూనును కూడా కాస్త దించాలి. అంతా తెలిసిన పనే. ఒక్కటే చిక్కు. గొలుసుకు మొదలు లేదు, చివర లేదు. ఎక్కడ మొదలుపెట్టామో గుర్తు పెట్టుకోకపోతే తిరుగుతూనే ఉంటాం.

సుద్దముక్కతో గీస్తే నూనె మీద ఆగలేదు. గడప పక్కన భార్య అనసూర్య పూజ పళ్లెం కనిపించింది. సదయ్య కుంకుమ గిన్నెలో వేలు ముంచి మొదటి పంటికి చిన్న బొట్టు పెట్టాడు.

అనసూర్య లోపలి నుంచి చూసింది గానీ ఏమీ అనలేదు. అనకూడదు కూడా. భర్తను బాయి నుంచి పైకి తెస్తే శుక్రవారం శుక్రవారం తలస్నానం చేసింది మొదలు కొబ్బరికాయ కొట్టేదాకా నోరు విప్పనని, బయట ఎవరికీ చెప్పకుండా, అమ్మవారికి మొక్కుకుంది. అనసూర్య నోరు మూసుకోవడం ఎంత పెద్ద త్యాగమో తెలుసు గనకనే అమ్మవారు వెంటనే పలికిందని సదయ్య నమ్మకం.

కొన్ని పళ్లకు పదును పడిందో లేదో, సందు చివర నుంచి కేక వినిపించింది. "నల్లా వచ్చిందీ!"

శుక్రవారం నీళ్ల పని సదయ్యదే. మాట్లాడకుండా నల్లా దగ్గర నిలబడి నీళ్లు తెచ్చిన ఆడమనిషి ఆ కాలనీలో ఇంతవరకు లేదు. అతడు బిందెలు తీసుకుని వెళ్లాడు.

అప్పుడు అనసూర్య పళ్లెంతో గడపకు పసుపు రాయడానికి వచ్చింది. రాసింది, బొట్లు పెట్టింది. తల తిప్పితే గొలుసు కనిపించింది. ఒక్క పంటికి బొట్టుంది. మిగతావన్నీ బోసి నుదుళ్లతో ఆమెనే చూస్తున్నాయి. మగవాళ్ల పూజ ఇట్లనే ఉంటుంది, మొదలుపెట్టి లేచిపోతారు, అనుకుంది. పనిముట్టే కదా లక్ష్మి! అందులోనూ మొగుణ్ణి పైన నిలబెట్టాల్సిన పనిముట్టు. దానికి సగం పూజ చేసి వదిలితే ఊరుకుంటుందా? గొలుసు పొడవునా పసుపు మెత్తింది, పంటి పంటికీ శ్రద్ధగా కుంకుమ బొట్టు పెట్టింది, పైన ఒక గన్నేరు పువ్వు ఉంచి, కళ్లకద్దుకుని, తృప్తిగా లోపలికి పోయి దీపం ముందు కూర్చుంది.

సదయ్య వచ్చి చూశాడు. బిందె చంకలోనే ఉండిపోయింది.

"అనసూర్యా!"

లోపల గంట మోగింది.

"నేను ఎక్కడ మొదలువెట్టిన్నో ఇప్పుడెట్ల తెలుస్తదే?"

గంట ఇంకొంచెం గట్టిగా మోగింది.

దేవుడి పనిని తప్పని ఎట్లా అంటాం? సదయ్య పువ్వును పక్కన పెట్టి, నూనెగుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. పసుపు, కుంకుమ, నూనె కలిసి చిక్కటి ఎర్రముద్ద అయింది. మోచేతుల దాకా అంటింది. చెమట తుడుచుకుంటే నుదుటికి అంటింది, బనీనుకు అంటింది. గొలుసు మాత్రం తళతళలాడింది. అన్ని పళ్లూ ఒక్క తీరుగానే మెరుస్తుంటే రుద్దినవేవో రుద్దనివేవో తెలిసే దారి పోయింది.

సరే, పొడుగు చూసి తేల్చుకుందామని గోటితో కొలిచాడు. ఒక పన్ను పొడుగ్గా అనిపించింది. రుద్దాడు. రుద్దాక దాని అవతలిది పొడుగ్గా కనిపించింది. దాన్నీ రుద్దాడు. ఇప్పుడు మొదటిదే పొడుగైంది. ఎడమవైపువి సరిచేస్తే కుడివైపువి అలిగాయి. కుడివైపు వాటిని బుజ్జగిస్తే ఎడమవైపు వాటికి అన్యాయం జరిగింది. పళ్లు సమానంగా లేకపోతే రంపం ఒక పక్కకు లాగుతుందని అతనికి తెలుసు. అందుకే వదలకుండా రుద్దాడు. రుద్ది రుద్ది తలెత్తేసరికి అన్నీ సమానమయ్యాయి. సమానంగా ముసలవ్వ నోట్లో పళ్లలా అయ్యాయి.

ఇప్పుడు గూనులు దాదాపు పళ్లంత ఎత్తుగా నిలబడ్డాయి. "సామీ, నీళ్లు రోజు తీస్కుంటివి గద. జెర ఇటు సూడు" అని గొణుక్కుంటూ చదును ఆకురాయి కోసం చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి సారవ్వ, అడిగి తీసుకుపోయిన చాట తిరిగిద్దామని వచ్చింది.

ఆమెకు కనిపించింది ఇది: మోచేతుల దాకా ఎరుపు, నుదుటి మీద ఎరుపు, బనీను మీద ఎరుపు, ఒళ్లో ఎర్రటి గుడ్డ, ఎదురుగా పళ్ల గొలుసు.

"అన్నా! ఏమైందే?"

"ఏం లేదు తీయ్ సారవ్వా. జెర నన్ను కదిలియ్యకు" అన్నాడు సదయ్య తలెత్తకుండా, పళ్లు బిగించి.

అంత నొప్పిని అలా ఓర్చుకుంటున్న మనిషిని చూసి సారవ్వ చేతిలో చాట జారి, చదును ఆకురాయిని కప్పేసింది. ఒక్క ఉరుకున లోపలికి పోయింది. అనసూర్య దీపం ముందు కూర్చుని ఉంది. సాంబ్రాణి పొగకు కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అక్కా! అన్న చేతులు సూస్తివా? ఎట్ల తెగినయే?"

అనసూర్య చెయ్యి ఊపింది. పూజలో మాట్లాడించవద్దని.

"అక్కా, పలుకవేందే?"

అనసూర్య తల అడ్డంగా ఊపి, కళ్లు మూసుకుంది.

"ఓ దేవుడో! అక్కకు మాట పడిపోయింది!" అని సారవ్వ వీధిలో పడింది.

ఆ వార్త సారవ్వ ఇంటి ముందు నుంచి బయలుదేరినప్పుడు సదయ్య చేతులు తెగాయి, అంతే. నల్లా దగ్గరికి వచ్చేసరికి ఒక చెయ్యి ఊడింది. చాయ్ హోటల్ దగ్గర రెండోది కూడా పోయింది. యార్డు గేటుకు చేరేసరికి సదయ్య చేతుల సంగతి ఎవరూ అడగడం లేదు, అతని పిల్లల సంగతి అడుగుతున్నారు. సదయ్యకు పిల్లలు లేరు. ఆ మాట గుర్తుచేసుకుని మరింత ఏడ్చారు.

అందరికంటే ముందు వజీర్ వచ్చాడు. సైకిల్‌ను మోరీ కాలువలోకి వదిలేసి, ఉరికొచ్చి సదయ్యను గట్టిగా కావలించుకున్నాడు.

"యా అల్లా! సదయ్యన్నా! చేతులు ఉన్నయా అన్నా?"

"ఉన్నయ్ రా. లేకుంటే నిన్నెట్ల నూకాలె? ఇడువ్, గొలుసు మీద పడ్తున్నవ్!"

"మరి గీ రక్తం?"

"రక్తం కాదు, మీ వదినె భక్తి."

వజీర్ నమ్మి నవ్వేలోపల అతని తెల్లచొక్కా కూడా ముందుభాగమంతా ఎర్రగా అయింది. అప్పుడే దవాఖాన బండి వచ్చి ఆగింది. అందులోంచి దిగిన కంపౌండర్‌కు ఎర్రటి మనుషులు ఇద్దరు కనిపించారు. ఒకడు కూర్చుని నేల మీద ఏదో వెతుక్కుంటున్నాడు, ఇంకొకడు నిలబడి పొట్ట పట్టుకుని ఊగిపోతున్నాడు. ఊగేవాడికే దెబ్బ ఎక్కువని అతడు నిర్ణయించాడు.

"నాకేం కాలే సాబ్! నేను పరామర్శకు వచ్చిన!"

"అందరు గట్లనే అంటరు. భయపడకు" అంటూ కంపౌండర్ అతణ్ణి బండికి ఆనించి, కుడిచేతి దండకు ధనుర్వాతం సూది పొడిచాడు.

వజీర్ కేక ఇంకా ఆగకముందే జీపు వచ్చింది. అందులో లింగమూర్తి, అతని పక్కన పెద్ద సారు. గొలుసును ఇంటికి పంపిన పాపానికి లింగమూర్తి ముఖం బొగ్గు కంటే నల్లగా ఉంది.

"ఎవరికయ్యా దెబ్బ తగిలింది?" అన్నాడు పెద్ద సారు.

ఎవరికీ తగల్లేదు. ఆ మాట చెప్పడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. అప్పుడే లోపల టప్పున కొబ్బరికాయ పగిలింది. అనసూర్య హారతి పళ్లెంతో గడపలోకి వచ్చి, వాకిలి నిండా జనాన్ని, బండిని, జీపును చూసింది. పొద్దుటి నుంచి ఆపుకున్న నోరు అప్పటికి తెరుచుకుంది.

"ఏందయ్యా ఇది? ఊరంత మనింటికే వచ్చె! ముందుగాల ఒక్క మాట చెప్తే ఇంత పులిహోర ఎక్కువ కలుపుతుంటి గద!"

సారవ్వ గుండెల మీద చెయ్యేసుకుని, "మాట వచ్చింది!" అంది.

పెద్ద సారు ఎర్రటి మనుషులను చూపించి, "ఏమిటమ్మా ఇది?" అని అడిగాడు.

"కుంకుమ సారూ. ఈయన ఒక్క పంటికే బొట్టు పెట్టి నల్లా కాడికి పోయిండు. మిగిలినయ్ ఏం పాపం చేసినయ్? మీరే చెప్పుండ్రి."

చాలా చదువుకున్నాడు పెద్ద సారు. అయినా బూట్లు విప్పి గడప దగ్గరికి వచ్చాడు. హారతి కళ్లకద్దుకుని, "సరే, గొలుసు యార్డుకు తీసుకురండి. ఇప్పుడే చూస్తాను" అన్నాడు.

"సార్, ఇంకొంచెం పని మిగిలింది" అన్నాడు సదయ్య.

"ఇప్పటికి జరిగిన పని చాలు. ఎక్కు!"

జీపులో చోటు లేదు. సదయ్య, వజీర్, గొలుసు దవాఖాన బండిలో ఎక్కారు. తలుపు మూయగానే సదయ్య మెల్లగా అన్నాడు.

"వజీరూ, గూనులు రుద్దలే."

"అంటే ఏమైతది అన్నా?"

"పండ్లు అరిగి గూనులంతే అయినయ్. అది కర్రను కోస్తదో, ఉత్తగ నాకుతదో."

"ఫికర్ చెయ్యకు అన్నా. పైవాడున్నడు."

"ఉన్నడు. కాని ఆయనకు ఆకురాయి పట్టుడు వస్తదా?" అని అడిగి, అడిగినందుకు వెంటనే చెంపలేసుకున్నాడు.

యార్డు గేటు దగ్గర జనం టోపీలు తీసి తలలు వంచుకుని నిలబడ్డారు. దవాఖాన బండి తలుపు తెరుచుకుని, అనసూర్య మళ్లీ పెట్టిన గన్నేరు పువ్వుతో సహా గొలుసును రెండు చేతులా పట్టుకుని సదయ్య దిగాడు. ముందు వరసలోని వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. ఒకాయన మాత్రం ధైర్యం చేసి అతని కాళ్లు నేలను తాకుతున్నాయో లేదో వంగి చూశాడు.

గొలుసు బిగించారు. ఇప్పుడు రంపం పట్టేదెవరు? వజీర్ చెయ్యి సూదికి వాచి భుజం దాటి లేవడం లేదు. మిగిలినవాళ్లందరికీ ఒక్కసారిగా వేరే పనులు గుర్తొచ్చాయి. పెద్ద సారు అందరినీ ఒకసారి చూసి, చేతి గడియారం తీసి లింగమూర్తికి ఇచ్చి, చొక్కా చేతులు మడిచాడు.

"ఇవ్వండి. నేనే పట్టుకుంటాను."

రంపం గర్జించింది. లింగమూర్తి దుంగల కుప్ప వెనక్కి పోయి కళ్లు మూసుకున్నాడు. సదయ్య కళ్లు మూసుకోలేదు, సూర్యుణ్ణి చూశాడు. పెద్ద సారు కాళ్లు ఎడం చేసుకుని, ఊపిరి బిగబట్టి, రంపాన్ని దుంగ మీద ఆనించాడు. అది ఎగరలేదు. అదరలేదు. గిన్నెలో పాలు తాగే పిల్లిలా దుంగను నాకడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద చెక్కముక్కలు లేవాల్సిన చోట పిండిలాంటి మెత్తటి పొట్టు రాలింది. మామూలుగా రెండు దుంగలు తెగే సేపటికి సగం దుంగ తెగింది. కొందరు కూర్చున్నారు. ఒకరు బీడీ ముట్టించుకుని, పూర్తిగా తాగి, పారేశారు.

అయితే పెద్ద సారు ముఖంలో భయం పోయి నవ్వు వచ్చింది. ఆ నవ్వు మెల్లమెల్లగా గర్వమైంది. చిట్టచివరికి దుంగ రెండై పడింది. ఆయన రంపం ఆపి, తెగిన చోట అరచేత్తో నిమిరాడు. అద్దంలా నున్నగా ఉంది.

"మొన్న ఎగిరిందన్న రంపం ఇదేనా?"

"ఇదే సార్" అన్నాడు లింగమూర్తి కుప్ప వెనక నుంచి వస్తూ. "మిషన్ మీద పదును పెట్టిచ్చినప్పుడు ఎగిరింది సార్."

"చేత్తో పెడితే చంటిపిల్లలా ఉందయ్యా! నేను జన్మలో రంపం పట్టలేదు. నా చేతికే ఇంత లొంగింది."

సదయ్య మనసు ఒప్పుకోలేదు. దేవుడు తప్పించినా అబద్ధం అబద్ధమే కదా! ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"సార్, నిజం చెప్త. పండ్లు ఎక్కువ అరిగినయ్. గూనులు దించలే. అందుకే మెల్లగ కోసింది. రేపు సరిచేస్తె జల్దిగ..."

లింగమూర్తి అతని కాలు తొక్కాడు. పెద్ద సారు సదయ్య భుజం తట్టాడు.

"వినయం మంచిదే, మరీ ఇంత వద్దు. మెల్లగా కోస్తేనే మనుషులు మిగులుతారు. లింగమూర్తీ, గొలుసులు బయటికి పోవద్దు. ఈయన బాయికి పోవద్దు. ఈ పని ఇక ఈయనదే."

సదయ్యకు కళ్లు చెమర్చాయి. వజీర్ ఎడమచేత్తోనే అతని వీపు మీద ఒకటి చరిచాడు. యార్డంతా చప్పట్లు కొట్టింది. పెద్ద సారు జీపు మెట్టు మీద కాలు పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఒక్కమాట. రంపం గొలుసు ఇక ఇంటికి పోకూడదు. వాకిట్లో, వీధిలో, పదిమంది మధ్యన ఈ పని జరగకూడదు. ఆ మూల నూనెడబ్బాల గది ఖాళీ చేయించి ఈయనకివ్వండి. తలుపుకు లోపల గడియ పెట్టించండి. కిటికీ ఉందా దానికి?"

"ఉన్నది సార్. తూర్పు దిక్కు మంచి గాలొస్తది."

"గాలితోపాటు తలకాయలు కూడా వస్తాయి. ఇటుకలతో మూయించండి. ఒక బల్బు వేయించండి."

సాయంత్రానికి మేస్త్రీ కిటికీ మూసేశాడు. సదయ్య బల్బు వేసి చూశాడు, ఆర్పి చూశాడు. ఆర్పితే బాయికీ ఆ గదికీ తేడా తెలియలేదు. బాయిలో అయితే మాట్లాడటానికి పక్కన మనుషులైనా ఉండేవాళ్లు.

ఆ పూట అనసూర్య మిగిలిన పులిహోర వడ్డిస్తుంటే అంతా చెప్పి, చివరికి మనసులో ఉన్నది అడిగాడు.

"ఇంత మొక్కితిమి, ఇన్ని నీళ్లు వదిలితిమి. పొద్దు కనపడని గదిల పడేసుడేందే? అమ్మవారు ఇట్లెందుకు చేసిందంటవ్?"

అనసూర్య ఇంకో గరిటె పులిహోర వేసి, ఆలోచించి అంది.

"నిన్ను పైన ఉంచుమని మొక్కిన. పైననే ఉంచింది. కిటికీ సంగతి మనం అడగలే."